రెండు రూపాయల మిత్తి ఇరవై పైసలైతే: ఇంటి పన్ను ఊరట చుట్టూ ఉన్న చిక్కుముడులు

ఇంటి పన్ను తగ్గించాలన్న మాట మున్సిపల్ ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా నల్లగొండలోనూ, పాలమూరులోనూ, మిర్యాలగూడ నుంచి గద్వాల దాకా ఉన్న చిన్నాపెద్దా పట్టణాలన్నింటిలోనూ వినిపిస్తుంది. ఆ ఒక్క మాటలో ఒకదానితో ఒకటి పొసగని నాలుగు కోరికలు కలగలిసి ఉన్నాయన్న సంగతిని మాత్రం అడిగేవారు గానీ, హామీ ఇచ్చేవారు గానీ విడమరిచి చెప్పరు. నల్లగొండ రామగిరిలో పాత ఇంట్లో ఉంటున్న పెన్షనరు ఊరట అన్నప్పుడు ఈ ఏడాది కట్టవలసిన మొత్తం తగ్గాలని కోరుకుంటాడు. అయిదారేళ్లుగా పన్ను కట్టని ఇంటి యజమాని దృష్టిలో ఊరట అంటే బకాయి మీద పేరుకున్న వడ్డీ రద్దు కావడం. పక్కింటికి తనకన్నా తక్కువ పన్ను ఎందుకు పడిందో అర్థంకాని మనిషి తన ఇంటి విలువ కట్టిన తీరు సరిచేయాలని అడుగుతున్నాడు. అరవై, డెబ్బై గజాల్లో రెండు గదులు వేసుకున్న కూలి కుటుంబం అసలు తనకు పన్నే ఉండకూడదంటుంది. ఈ నలుగురికీ కలిపి ఒకే హామీ ఇవ్వడం వేదిక మీద సులువే గాని, అమలులో ఒకరికి దక్కిన ఊరట మరొకరి మీద భారంగా పడే సందర్భాలే ఎక్కువ.

పన్ను ఎలా పుడుతుందో ముందు చూడాలి. ఉమ్మడి రాష్ట్రం నాటి 1965 మున్సిపాలిటీల చట్టం నుంచి వస్తున్న పద్ధతిలో మన పట్టణాల్లో ఇంటి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఆ ఇల్లు కిరాయికి ఇస్తే ఏడాదికి ఎంత రావచ్చో మున్సిపాలిటీ వేసుకునే అంచనా అది. నిజంగా వస్తున్న కిరాయితో దానికి సంబంధం లేదు. పట్టణాన్ని జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్‌లో కట్టడం రకాన్ని బట్టి, అంటే స్లాబా, రేకులా, పెంకులా అన్నదాన్ని బట్టి, అలాగే నివాసమా వ్యాపారమా అన్నదాన్ని బట్టి చదరపు మీటరు విస్తీర్ణానికి నెలకు ఇంత అని రేటు నిర్ణయిస్తారు. విస్తీర్ణాన్ని ఆ రేటుతో, మళ్లీ 12తో హెచ్చవేసి, కట్టడం వయసును బట్టి కొంత తీసివేసి, మిగిలినదానిలో ఇంత శాతం అని పన్ను వేస్తారు. ఆ పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చేరుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థకు అందవలసిన ఆ సొమ్మును పట్టణ సంస్థలు వసూలు చేసుకుని కూడా సకాలంలో జమ చేయవన్న ఫిర్యాదు తెలంగాణ అంతటా పాతదే. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో కిక్కిరిసి ఉండే మన జిల్లా కేంద్ర గ్రంథాలయాలను చూసినవారికి ఆ 8 పైసల విలువ వేరే చెప్పనవసరం లేదు.

చిక్కంతా ఈ లెక్కలోని జోన్ల దగ్గర, రేట్ల దగ్గర మొదలవుతుంది. రేట్లను అయిదేళ్లకోసారి సవరించాలన్నది పాత చట్టం ఉద్దేశం. ఉమ్మడి రాష్ట్రంలో నివాస భవనాలకు చివరి సాధారణ సవరణ జరిగింది 2002లో, నివాసేతర భవనాలకు 2007లో. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ ఆ తేనెతుట్టెను కదిలించడానికి ఇష్టపడలేదు. మొదట వినగానే ఇది ఇంటి యజమానులందరికీ మేలు చేసిన విషయంగానే తోస్తుంది. కానీ ఇరవై ఏళ్లలో ఊరు తన రూపం మార్చుకుంది. నల్లగొండలో గడియార స్తంభం చుట్టుపక్కల, ప్రకాశం బజారులో ఆనాడు ఖరీదైన చోట్లు ఏవో ఆనాటి జోన్లు చెబుతాయి. ఆ తర్వాత బైపాస్ వైపు, హైదరాబాద్ రోడ్డు వెంట పెరిగిన కాలనీలను అవి ఊహించలేదు. పాలమూరులో ఏనుగొండ, ఎదిర వంటి ఊళ్లు పట్టణంలో కలిసిపోయాయి, 2025 జనవరిలో మహబూబ్‌నగర్ కార్పొరేషన్‌గా మారినప్పుడు దివిటిపల్లి కూడా చేరింది. ఊరి నడిబొడ్డున ఉన్న పాత బస్తీ ఇల్లు పాత హోదాకు తగిన రేటు కడుతూ ఉండగా, అంతకు అనేక రెట్ల ధర పలికే కొత్త కాలనీలోని బంగళా ఒకనాటి ఊరి చివరి రేటుతోనే గడిపేయగల అవకాశం ఈ పద్ధతిలోనే ఉంది.

దీనికి తోడు కొలతల సమస్య ఒకటుంది. అనుమతి తీసుకుని ఈమధ్య కట్టిన ఇంటి విస్తీర్ణం ప్లానుతో సహా దస్త్రంలో ఉంటుంది కాబట్టి దాని మీద పన్ను అంగుళంతో సహా పడుతుంది. ముప్పై ఏళ్ల క్రితం రెండు గదులుగా నమోదై, ఆ తర్వాత కొడుకు పెళ్లికి పైన ఒక అంతస్తు, మనవడు పుట్టాక ముందు ఒక మడిగె వేసుకున్న ఇల్లు రిజిస్టర్‌లో ఇంకా రెండు గదులుగానే మిగిలిపోయి ఉండవచ్చు. భువన్ యాప్‌తో సిబ్బంది ఇంటింటికీ వచ్చి ఫొటోలు తీసి, కొలతలు నమోదు చేసిన సర్వే ఉద్దేశం ఈ తేడాను సరిచేయడమే. సర్వే తర్వాత పన్ను ఒక్కసారిగా పెరిగినవారు మాత్రం దీనిని పన్ను పెంపుగానే చూశారు, వారి కోపంలో న్యాయం లేదనలేం. ఇరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోని తేడాను ఒక్క నోటీసుతో సరిచేయబూనితే, ఆ ఇరవై ఏళ్లూ తప్పు తమదే అన్నట్టు వారికి తోస్తుంది. మడిగె విషయంలో దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఇంటి ముందు గదిలో కిరాణా పెట్టుకున్న కుటుంబానికి ఆ గది వరకు నివాసేతర రేటు పడుతుంది. ఆ గదిలో వచ్చే బేరం ఎంతో అడిగే గడి ఆ ఫారంలో ఎక్కడా ఉండదు.

2019లో వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం స్వీయ ధ్రువీకరణను ముందుకు తెచ్చింది. యజమానే తన ఇంటి వివరాలు ఇచ్చుకోవాలి, తప్పుడు వివరాలిస్తే పన్నుకు 25 రెట్ల జరిమానా అని హెచ్చరించింది. అదే చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో కింద ఒకటి, పైన ఒకటి అంతస్తు వరకు కట్టుకున్న ఇంటికి అనుమతి అక్కర్లేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలని, ఏడాదికి పన్ను రూ. 100 అని చెప్పింది. నా అంచనాలో మన పట్టణాల పేదలకు ఇంతవరకు దక్కిన ఊరటల్లో ఇదే అన్నిటికన్నా ఆలోచనతో కూడినది. ఇది ఒక ఏడాదికి ఇచ్చిన బహుమతి కాదు, చట్టంలోని నియమం. పైగా ఆదాయ ధ్రువపత్రం అడగకుండా స్థలం కొలతతోనే పేదరికాన్ని దాదాపుగా గుర్తిస్తుంది. వార్డు సభల్లో దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడానికి కారణం, దాని మీద ఏ నాయకుడి ఫొటో వేసే వీలు లేకపోవడమే కావచ్చు.

ఎన్నికల ముందు వచ్చే ఊరటల తీరు దీనికి భిన్నం. 2016 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలకు ముందు, అక్కడ ఏడాదికి రూ. 1,200 వరకు పన్ను ఉన్న ఇళ్లకు దానిని రూ. 101కి తగ్గించారు. 2020 నవంబర్‌లో దీపావళి కానుకగా మరొక ప్రకటన వచ్చింది. 2020-21 సంవత్సరానికి గ్రేటర్‌లో రూ. 15,000 లోపు, మిగిలిన పట్టణాల్లో రూ. 10,000 లోపు పన్ను ఉన్న నివాస గృహాలకు సగం మాఫీ చేస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. గ్రేటర్‌లో 13.72 లక్షల కుటుంబాలకు రూ. 196.48 కోట్లు, మిగతా పట్టణాల్లో 17.68 లక్షల కుటుంబాలకు రూ. 130 కోట్లు మేలు జరుగుతుందని లెక్క చెప్పారు. ఈ అంకెలను భాగించి చూస్తే గ్రేటర్‌లో ఇంటికి సగటున రూ. 1,430 చొప్పున, మనలాంటి పట్టణాల్లో రూ. 735 చొప్పున వచ్చినట్టు తేలుతుంది. గ్రేటర్ ఎన్నికల పోలింగ్ ఆ డిసెంబర్ 1న జరిగింది. నల్లగొండకు, పాలమూరుకు ఆ ఏడాది అందిన ఊరట ఒక విధంగా రాజధాని ఎన్నికల పంక్తిలో కూర్చున్నందుకు దక్కిన వడ్డన.

ఆ రాయితీ ఎవరికి ఎంత చేరిందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. వెయ్యి రూపాయల పన్ను ఉన్న చిన్న ఇంటికి మిగిలింది 500. సరిగ్గా పదివేల పన్ను ఉన్న పెద్ద ఇంటికి మిగిలింది 5,000. పదివేల మీద ఒక్క రూపాయి ఉన్నవారికి ఏమీ దక్కలేదు. అంటే ఇల్లు పెద్దదవుతున్న కొద్దీ ఊరట పెరుగుతూ పోయి, ఒక గీత దగ్గర ఒక్కసారిగా సున్నా అయింది. పేదవారిని ఆదుకోవడానికి రూపొందించిన పథకంలో ఇలాంటి మెట్టు ఉండకూడదు. పదివేల లోపు ఉన్న ఇళ్లన్నింటికీ తలా ఒకే మొత్తం, ఉదాహరణకు రూ. 735 చొప్పున తగ్గించి, పన్నే అంతకన్నా తక్కువ ఉన్నచోట పూర్తిగా మాఫీ చేసి ఉంటే, దాదాపు అంతే ఖర్చుతో చిన్న ఇళ్లకు పూర్తి ఊరట దక్కేది. సగం మాఫీ అన్న మాటకు ఉన్న గుండ్రనిదనం, తలా 735 అన్న మాటకు లేదు, అంతే తేడా.

ఇక కిరాయిదారుల సంగతి. ఇంటి పన్ను మాఫీ మీద చర్చ మొదటి నుంచి చివరి దాకా యజమాని చుట్టూనే తిరుగుతుంది. కిరాయి ఒప్పందంలో పన్ను సంగతి ఎలా రాసుకున్నా, చివరకు అది కిరాయిలో కలిసి ఉంటుంది. పన్ను తగ్గిన ఏడాది కిరాయి తగ్గించిన యజమానిని మాత్రం నేను చూడలేదు.

మాఫీల్లో అన్నిటికన్నా తరచుగా వచ్చేది, అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేది వడ్డీ మాఫీ. గడువు దాటిన పన్ను మీద మున్సిపాలిటీ నెలకు 2 శాతం వడ్డీ వేస్తుంది. మన దగ్గర చేబదుళ్ల లెక్కలో దీనినే నూటికి రెండు రూపాయల మిత్తి అంటారు. నల్లగొండ జిల్లా పల్లెల్లో ఎవరిని అడిగినా రెండు రూపాయల మిత్తి అంటే మోయగలిగినదే గాని తేలికైనది కాదని చెబుతారు. బకాయి మొత్తాన్ని ఒకేసారి కట్టేస్తే ఈ వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తామంటూ 2020లో, 2022లో, 2024 మార్చిలో ప్రభుత్వం ఒకసారి పరిష్కారం పేరిట పథకాలు తెచ్చింది. పేరుకు అది ఒక్కసారి పరిష్కారమే గాని, రెండేళ్లకోసారి వచ్చేదాన్ని జనం జాతర లాగా ఎదురుచూడటం నేర్చుకున్నారు. 90 శాతం పోయాక మిగిలిన మిత్తి నూటికి ఇరవై పైసలు. ఇరవై పైసల మిత్తికి అప్పిచ్చేవాడు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నాడా అంటే, మన మున్సిపాలిటీ ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకే వీధిలో రెండు ఇళ్లకూ ఏడాదికి రూ. 3,000 పన్ను ఉందనుకుందాం. మొదటి ఇంటివారు ప్రతి ఏప్రిల్‌లోనూ కట్టి, ముందుగా కట్టినవారికి ఇచ్చే 5 శాతం రాయితీ పొందుతూ మూడేళ్లలో మొత్తం రూ. 8,550 కట్టారు. రెండో ఇంటివారు మూడేళ్లూ కట్టలేదు. సులభంగా ఉండటానికి ఏ ఏడాది పన్నుకు ఆ ఏడాది చివర నుంచి మాత్రమే వడ్డీ లెక్కిద్దాం. మొదటి ఏడాది బకాయి మీద రెండేళ్లకు రూ. 1,440, రెండో ఏడాది బకాయి మీద ఒక ఏడాదికి రూ. 720, వెరసి రూ. 2,160 వడ్డీ అయింది. మూడో ఏడాది మార్చిలో మాఫీ వచ్చింది. వారు అసలు రూ. 9,000, వడ్డీలో పదోవంతు రూ. 216, మొత్తం రూ. 9,216 కట్టి రసీదు తీసుకున్నారు. ఇద్దరి మధ్య తేడా రూ. 666. మూడేళ్లపాటు ఆ డబ్బు చేతిలో ఉంచుకున్నందుకు రెండో ఇంటివారికి పడిన ఖర్చు ఏడాదికి 4 శాతం లోపే, అంటే బ్యాంకులో డిపాజిట్ వేసుకున్నా అంతకన్నా ఎక్కువే వస్తుంది. అయినా మొదటి ఇంటివారు ఏప్రిల్‌లోనే వెళ్లి కట్టి వస్తున్నారంటే అది వారి సంస్కారమే గాని, వ్యవస్థ వారికి ఇచ్చిన ప్రోత్సాహం కాదు.

వడ్డీ మాఫీని సమర్థించేవారి వాదనలో బలం లేదని అనను. బకాయి ఒక స్థాయి దాటితే యజమాని ఇక దానివైపు చూడటమే మానేస్తాడు. రెండు రూపాయల మిత్తి నాలుగేళ్లు దాటేసరికి అసలుతో సమానం అవుతుంది. అలాంటి బకాయిల్లో కొంత వదులుకుని అసలైనా రాబట్టుకోవడం అప్పిచ్చిన ఎవరైనా చేసే పనే. పైగా ఏళ్ల తరబడి పేరుకున్న బకాయిల్లో వారసత్వ తగాదాలున్న ఇళ్లు, కోర్టు వ్యాజ్యాల్లో ఉన్న ఆస్తులు, యజమాని చనిపోయి మ్యుటేషన్, అంటే వారసుల పేరుకు మార్పు కాని ఇళ్లు కూడా ఉంటాయి. వారందరినీ ఎగవేతదారులంటే అన్యాయం. కానీ ఆ కారణం చెప్పి మాఫీని రెండేళ్లకోసారి పండుగగా మార్చినప్పుడు, కట్టగలిగి కూడా కట్టనివారే అందులో ముందు వరుసలో నిలబడతారు. ఒకవేళ రెండు రూపాయల మిత్తి నిజంగానే ఎక్కువైతే, దానిని అందరికీ శాశ్వతంగా ఒక రూపాయికో అర్ధరూపాయికో తగ్గించి, ఆ తర్వాత మాఫీ అన్నదే లేకుండా చేయడం ఇంతకన్నా న్యాయమైన దారి. ఇక రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలే పట్టణాలకు పన్ను బకాయి పడే సందర్భాలున్నాయి. చిన్న దుకాణానికి ఎర్ర నోటీసు అంటించే సిబ్బంది సర్కారు గేటు దగ్గర ఆగిపోవడం జనం చూస్తూనే ఉంటారు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకైతే రాజ్యాంగంలోని 285వ అధికరణమే స్థానిక పన్ను నుంచి రక్షణ ఇస్తుంది, రాష్ట్ర కార్యాలయాలకు ఆ సాకు కూడా లేదు.

ఈ చర్చలో అసలు కీలకం తాళం ఎవరి చేతిలో ఉందన్నది. వార్డులో ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థి ఇంటి పన్ను తగ్గిస్తానంటాడు. పట్టణ సంస్థలు పన్ను వేసే అధికారం రాజ్యాంగంలోని 243 ఎక్స్ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం నుంచే వస్తుంది. పైన చెప్పిన రూ. 101 పన్ను గానీ, సగం మాఫీ గానీ, వడ్డీ మాఫీలు గానీ ఏ కౌన్సిల్ తీర్మానంతోనూ రాలేదు, అన్నీ హైదరాబాద్ నుంచి వచ్చినవే. పాలకవర్గం తీర్మానం చేసి పంపవచ్చు, ఒత్తిడి తేవచ్చు, తన పరిధిలోని లెక్కల్లో తప్పులు దిద్దించవచ్చు. అంతకు మించి వార్డు సభ్యుడు ఇచ్చే హామీ, పక్క ఊరి చెరువులో నీళ్లు మన పొలానికి పారిస్తానని చెప్పడం లాంటిది. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల పదవీకాలం 2025 జనవరిలో ముగిశాక పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి వెళ్లినప్పుడు కూడా పన్ను నోటీసులు ఆగలేదు, ఏప్రిల్ రాయితీ ఆగలేదు. యంత్రం ఎక్కడి నుంచి నడుస్తుందో చెప్పడానికి అది చాలు.

ప్రభుత్వం కూడా పూర్తిగా స్వతంత్రం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణాలకు ఇచ్చే నిధులకు ఒక షరతు పెట్టింది. రాష్ట్రాలు ఆస్తి పన్నుకు కనీస రేట్లను ప్రకటించాలి, ఆ తర్వాత ఏటా పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి గత అయిదేళ్ల సగటు వృద్ధికి తగ్గకుండా పెరగాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ స్థాయి పట్టణాలకు వచ్చిన ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించినవి. అంటే ఓట్ల కోసం ఒక ఏడాది పన్నులో కోత వేస్తే, ఆ మేరకు వసూళ్ల వృద్ధి పడిపోయి, తాగునీటికి రావలసిన డబ్బుకు ముప్పు వచ్చేది. కరోనా కాలంలో కేంద్రం అదనపు అప్పులకు అనుమతి ఇచ్చేటప్పుడు కూడా ఇలాంటి మెలికే పెట్టింది. రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తి పన్నుకు కనీస రేట్లు, నీటికి, డ్రైనేజీకి కనీస చార్జీలు ప్రకటించిన రాష్ట్రాలకే ఆ వెసులుబాటు. ఆ పట్టణ సంస్కరణలను పూర్తిచేసిన మూడో రాష్ట్రంగా తెలంగాణకు 2021 జనవరిలో రూ. 2,508 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. నవంబర్‌లో సగం పన్ను మాఫీ అని ఇంటి యజమానికి చెప్పిన ప్రభుత్వమే, రెండు నెలలు తిరగకముందే కనీస రేట్ల షరతు నెరవేర్చామని ఢిల్లీకి చూపించి అప్పు తెచ్చుకుంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఏ పార్టీ ఉన్నా ఇదే చేసేది. పన్ను తగ్గిస్తామని వీధిలో చెప్పే మాటకు, పెంచుతామని కాగితం మీద రాసే మాటకు మధ్య మన మున్సిపాలిటీలు నలుగుతున్నాయని గుర్తించడానికి చెప్పవలసి వచ్చింది.

రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా పన్ను వేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. అలంపూర్ వాళ్లకు తుంగభద్ర అవతల కర్నూలు, మిర్యాలగూడ వాళ్లకు కృష్ణ అవతల పల్నాడు చుట్టరికాలున్న ప్రాంతాలే. ఆంధ్రప్రదేశ్ 2020 చివర్లో అద్దె విలువను వదిలి, రిజిస్ట్రేషన్ విలువను ఆధారం చేసుకునే మూలధన విలువ పద్ధతికి మారింది. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను, ఏ ఇంటికైనా ఏడాదికి 15 శాతం మించి పెంపు ఉండకూడదన్న కట్టడి, యజమాని తానే ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి రూ. 50 పన్ను అన్నవి అందులో ముఖ్యం. పెంపునకు పగ్గం ఉండటం మంచిదే. కానీ ఆ పగ్గం ఉన్నా, లెక్కలో తేలిన మొత్తం దాకా పన్ను ఏటేటా మెట్లెక్కుతూనే ఉంటుంది కాబట్టి, అక్కడి యజమానులకు ప్రతి ఏప్రిల్‌లో 15 శాతం పెంపు మామూలైంది. ఈ పద్ధతిలో ఇంకొక చిక్కు ఉంది. మన రాష్ట్రంలో భూముల మార్కెట్ విలువలను 2021 జూలైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరొకసారి పెంచారు. పన్ను వాటికి ముడిపడి ఉంటే, ఇల్లు అమ్మే ఉద్దేశమే లేని పెన్షనరు కూడా రియల్ ఎస్టేట్ ఊపుకు తన జేబులోంచి కట్టవలసి వచ్చేది. ధర పెరిగిన ఇల్లు కాగితం మీద సంపదే గాని, దాన్ని తెంపి నెలకింత ఖర్చు పెట్టుకోలేం.

మరి పన్ను వల్ల మనకు వచ్చేది ఏమిటన్న ప్రశ్న సభల్లో ఎప్పుడూ వస్తుంది, రావలసిందే. పట్టణ సాధారణ నిధిలో ఇంటి పన్నుదే పెద్ద పీట. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, మోటార్ల నిర్వహణ, 2019 చట్టం ప్రకారం పచ్చదనానికి పక్కన పెట్టవలసిన 10 శాతం బడ్జెట్, ఇవన్నీ అందులోంచే పోవాలి. పానగల్ ఉదయ సముద్రం నీళ్లు నల్లగొండకు, రామన్‌పాడు నీళ్లు పాలమూరుకు నడిచి రావు, ఎత్తిపోయాలి. మాఫీ ప్రకటించినప్పుడు ఆ మేరకు లోటును ప్రభుత్వం మున్సిపాలిటీకి భర్తీ చేస్తుందా, చేస్తే ఎప్పుడు, ఏ పద్దు కింద అన్నది ఆ ప్రకటనలోనే ఉండాలి. అది లేని మాఫీ అంటే ఇంటి యజమానికి ఇచ్చిన డబ్బును, తెల్లవారుజామున ఆ ఇంటి ముందు ఊడ్చే మనిషి జీతంలోంచి వాయిదాగా తీసుకోవడమే అవుతుంది.

ఊరి అంచుల్లో ఈ చర్చ తలకిందులుగా ఉండటం నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపిస్తుంది. 2018లో పంచాయతీల నుంచి మున్సిపాలిటీలుగా మారిన చండూరు, చిట్యాల, హాలియా వంటి చోట్ల, పెద్ద పట్టణాల చివర వెలసిన అనుమతి లేని లేఅవుట్లలో, చాలామంది పన్ను తగ్గించమని కాదు, ముందు తమ ఇంటికి నంబరు వేసి పన్ను వేయమని తిరుగుతుంటారు. ఇంటి పన్ను రసీదు ఉంటే కరెంటు మీటరు, నల్లా కనెక్షన్, బ్యాంకు లోను దొరుకుతాయన్నది వారి ఆశ. అనుమతి లేని కట్టడమని పన్నుకు సమానంగా నూరు శాతం వరకు అదనంగా వేస్తామన్నా వారు వెనుకాడరు. పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు గానీ, కట్టడానికి చట్టబద్ధత గానీ రావు. అయినా ఆ రసీదును పట్టాపుస్తకంతో సమానంగా బీరువాలో దాచుకునే కుటుంబాలు కోకొల్లలు. వారి దగ్గర రెట్టింపు పన్ను తీసుకుంటూ, అదే పట్టణంలో రిజిస్టర్‌లో రెండు గదులుగా ఉన్న మూడంతస్తుల ఇంటికి వడ్డీ మాఫీ చేస్తున్నామంటే, ఊరట ఎటు ప్రవహిస్తోందో తెలుస్తూనే ఉంది.

అందుకే పన్ను రేటు తగ్గించడం కన్నా ముందు పన్ను లెక్క సమానం కావాలని నేను అనుకుంటాను. జోన్లను కొత్తగా గీసి, కొలతలు సరిచేసి, అలా పెరిగిన మొత్తంతో చిన్న ఇళ్ల పన్నును నియమంగా తగ్గిస్తే, మున్సిపాలిటీ ఖజానాకు చిల్లు పడకుండానే ఎక్కువమందికి ఊరట దొరుకుతుంది. 75 గజాలకు ఉన్న రూ. 100 నియమాన్ని నూరు గజాల దాకా, యజమాని తానే ఉంటున్న ఇళ్లకు పొడిగించడం అందులో మొదటి మెట్టు కావచ్చు. దీనివల్ల పన్ను పెరిగే ఇళ్లు సహజంగానే పెద్దవి, కూడళ్లలో ఉన్నవి, మాట చెల్లుబాటయ్యేవారివి కాబట్టి ఇది తేలిగ్గా జరగదని కూడా తెలుసు.

ఈలోగా ఇంటి యజమాని చేయగలిగిన పని ఒకటుంది. పురపాలక శాఖ వెబ్‌సైట్‌లో అసెస్‌మెంట్ నంబరుతోనో ఇంటి నంబరుతోనో ఏ ఇంటికి ఎంత పన్ను పడిందో చూసుకోవచ్చు. తన డిమాండ్ నోటీసులో రాసిన విస్తీర్ణాన్ని, కట్టడం రకాన్ని, వాడుకను టేపు పట్టి సరిచూసుకుని, తేడా ఉంటే గడువులోగా కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. మడిగె మూసేసి మళ్లీ గదిగా వాడుకుంటున్నా రిజిస్టర్‌లో వ్యాపారంగానే ఉన్నవారు, ఇల్లు కూలగొట్టి ఖాళీ జాగా మిగిలినా పాత పన్నే కడుతున్నవారు, తండ్రి పేరు మీద ఒకసారి, కొడుకు పేరు మీద మరొకసారి ఒకే ఇంటికి రెండు నంబర్లు పడినవారు ఇలా దరఖాస్తు పెట్టాకే పన్ను దిద్దించుకోగలుగుతారు. దరఖాస్తు ఇచ్చేటప్పుడు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోకూడదు.